హమదా షోజీ ఇంగ్లండ్‌లో మూడేళ్లు: స్టోన్‌వేర్ వెనకున్న లెక్క

1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో కలిసి ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లేనాటికి జపాన్ కుమ్మరి హమదా షోజీకి పాతికేళ్లు. కార్న్‌వాల్ తీరంలో సెంట్ ఐవ్స్ అనే ఊరి శివార్లలో, స్టెన్నక్ వాగు పక్కన ఇద్దరూ ఒక కుండల పనిశాల పెట్టారు. 1923 చివర్లో హమదా తిరుగు ప్రయాణం కట్టాడు. ఈ మూడేళ్ల గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. వేల ఏళ్ల జపాన్ సంప్రదాయాన్ని ఒక కుమ్మరి పడమటికి మోసుకెళ్లాడనీ, ఫ్యాక్టరీల్లో కూరుకుపోయిన ఇంగ్లండ్‌కు చేతిపని గుర్తుచేశాడనీ, తిరిగెళ్లి మషికో అనే ప్రాచీన కళాకేంద్రంలో స్థిరపడ్డాడనీ. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో మూడు ముక్కలు తప్పు.

మొదటిది, హమదా కులవృత్తిగా కుండలు చేసినవాడు కాదు. టోక్యో హయ్యర్ టెక్నికల్ స్కూల్లో సిరామిక్స్ చదివి 1916లో బయటికొచ్చాడు. జపాన్‌లో ఆ చదువుకు పునాది వేసినవాడు గాట్‌ఫ్రీడ్ వాగెనెర్ అనే జర్మన్ రసాయనవేత్త. తర్వాత హమదా క్యోటో మునిసిపల్ సిరామిక్ పరిశోధనశాలలో చేరాడు. అదే బడిలో తనకన్నా ముందు చదివిన కవాయ్ కంజిరోతో కలిసి అక్కడ వేల కొద్దీ గ్లేజు (కుండ మీద కరిగి గాజులా పట్టే పూత) నమూనాలు కాల్చి చూశాడు. అంటే సెంట్ ఐవ్స్‌కు వెళ్లింది ఒక ప్రయోగశాల మనిషి. రెండోది, ఇంగ్లండ్‌కు స్టోన్‌వేర్, అంటే రాయిలా గట్టిపడేదాకా కాల్చిన పాత్రలు, కొత్త కాదు. లండన్ దగ్గర ఫుల్హమ్‌లో జాన్ డ్వైట్ 1672లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. ఉప్పు గ్లేజుతో సీసాలూ జాడీలూ మురుగు గొట్టాలూ ఇంగ్లండ్‌లో టన్నుల్లెక్కన తయారయ్యేవి. మూడోది, హమదా తిరిగి వెళ్లి స్థిరపడిన మషికో ప్రాచీన కళాకేంద్రమేమీ కాదు. అక్కడ కుండల పని 1853 ప్రాంతంలో మొదలైంది. టోక్యో వంటిళ్లకు నీళ్ల తొట్లు, ఊరగాయ జాడీలు, నూరుడు గిన్నెలు పంపే ఊరు అది.

మరి ఆయన వెంట తీసుకెళ్లిందేమిటి? ఫెల్‌స్పార్ (ఎక్కువ వేడికి కరిగే రాతి ఖనిజం)తోనూ కట్టెల బూడిదతోనూ గ్లేజు కట్టడం, బట్టీలో గాలి తగ్గించి కాల్చడం, వాలు మీద గదులు గదులుగా కట్టే కట్టెల బట్టీ. ఈ మూడూ కలిస్తేనే ఒక పద్ధతి. ఇందులో ఏ ఒక్కదాన్నీ విడిగా ఎత్తుకెళ్లి ఇంకోచోట నాటలేం. సెంట్ ఐవ్స్‌లో వచ్చిన చిక్కులన్నీ అక్కడివే.

మట్టి సంగతి ముందు చూద్దాం. తెలుగువాళ్లకు స్టోన్‌వేర్ పేరు కొత్త కావచ్చు, వస్తువు మాత్రం పాతదే: ఆవకాయ జాడీ. మామూలు మట్టికుండను 700 నుంచి 900 డిగ్రీల్లో కాలుస్తారు. మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి గానీ మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి. కుండలో నీళ్లు చల్లబడేది ఆ ఖాళీల వల్లే, అందులో ఊరగాయ పెట్టలేకపోయేదీ వాటివల్లే. స్టోన్‌వేర్‌ను 1200 నుంచి 1300 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. మట్టిలోని ఫెల్‌స్పార్ కరిగి గాజులా మారి ఆ ఖాళీల్ని నింపుతుంది. గ్లేజు లేకపోయినా నూనె, ఉప్పు, పులుపు గోడలోకి దిగవు.

ఇది సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక. గ్లేజు పూయకుండా కాల్చిన ముక్కను పొడిగా ఉన్నప్పుడు తూచి, 5 గంటలు నీళ్లలో మరిగించి, ఆ నీళ్లలోనే 24 గంటలు నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచాలి. 200 గ్రాముల ముక్క 204 అయితే 2 శాతం నీరు పీల్చినట్టు. 3 శాతం లోపు ఉంటే మంచి స్టోన్‌వేర్. 6, 7 వస్తే వేడి చాలలేదు, లేదా ఫెల్‌స్పార్ తక్కువైంది. సున్నాకి దిగిందని సంబరపడటానికీ లేదు. అలాంటి మట్టి కాల్పులో మెత్తబడి పళ్లేల అంచులు వాలిపోతాయి, లోపల చిక్కిన వాయువులు పైకి పొంగి బుడగలు కడతాయి.

ఈ వేడి దగ్గర పనికొచ్చే మిశ్రమం ఒకటి ఇలా ఉండొచ్చు: బాల్ క్లే 40 పాళ్లు, చైనా క్లే 25, ఫెల్‌స్పార్ 15, పలుగురాయి పొడి 10, ముతక ఇసుక గానీ కాల్చి నూరిన మట్టి పొడి గానీ 10. సారె మీద సాగే గుణం బాల్ క్లేది, వేడికి నిలిచే గుణం చైనా క్లేది. ఇసుక ఆరేటప్పుడు పగుళ్లు రాకుండా చూస్తుంది, గోడకు బలమిస్తుంది. పచ్చి కుండ నుంచి తుది కాల్పు దాకా మొత్తం 12 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి, చివరికి 10 సెంటీమీటర్ల ఎత్తు కావాలంటే సారె మీద 11.4 సెంటీమీటర్లు లాగాలి.

కార్న్‌వాల్ ఇబ్బంది మట్టి లేకపోవడం కాదు. సెంట్ ఆస్టెల్ దగ్గరి చైనా క్లే, పక్కనున్న డెవన్, డోర్సెట్‌ల బాల్ క్లే బ్రిటిష్ పింగాణీ పరిశ్రమను నడిపిన సరుకులు. కానీ అవి ఫ్యాక్టరీల కోసం శుద్ధిచేసినవి. ఇనుము లేదు, ఇసుక లేదు, కాల్చాక తెల్లగా, ముఖంలో కళ లేకుండా ఉంటాయి. స్థానికంగా సెంట్ అర్త్‌లో దొరికే ఎర్రమట్టిలో ఇనుముంది గానీ, అది తక్కువ వేడికి చేసే స్లిప్‌వేర్‌కే (పల్చని మట్టి పూతతో అలంకరించే పాత్రలకే) బాగా ఒదుగుతుంది. తూర్పు ఆసియా గ్లేజుల అందంలో సగం కింది మట్టిలోని ఇనుము పైకి పొక్కి గ్లేజుకు మచ్చలూ నీడలూ ఇవ్వడంలో ఉంది. కాబట్టి శుద్ధమైన మట్టిని కావాలని కాస్త చెడగొట్టాలి. 3, 4 పాళ్లు ఎర్రమట్టి కలిపితే చాలు, బూడిదరంగు గోధుమరంగులోకి తిరుగుతుంది. 10 దాటితే ఇనుమే మట్టిని కరిగించడం మొదలెడుతుంది.

గ్లేజు దగ్గరికొద్దాం. లీచ్ పేరుతో ప్రపంచమంతా వాడే సూత్రం ఒకటుంది: ఫెల్‌స్పార్ 40, పలుగురాయి పొడి 30, సుద్దపొడి అంటే కాల్షియం కార్బొనేట్ 20, చైనా క్లే 10. నాలుగు, మూడు, రెండు, ఒకటి. 1280 డిగ్రీల దగ్గర కరిగి పారదర్శకంగా నిలుస్తుంది. కిలో పొడికి సుమారు లీటరు నీళ్లు పోసి 80 మెష్ జల్లెడ పట్టాలి. లీటరు గ్లేజు బరువు 1,440 గ్రాముల చుట్టుపక్కల ఉంటే ముంచడానికి సరిపోతుంది. పూత మందం మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర. దీనికే ఎర్ర ఐరన్ ఆక్సైడ్ ఒకటిన్నర శాతం కలిపి గాలి తగ్గించి కాలిస్తే ఆకుపచ్చ సెలడాన్ ఛాయ వస్తుంది. 8 శాతం కలిపితే టెన్మోకు అనే నలుపు, 10 నుంచి 12 కలిపితే ఇనుము కరిగే హద్దు దాటిపోతుంది. ఆ మిగులు ఇనుము చల్లారేటప్పుడు పైకి తేలి, గాలి తగిలి, పండిన పెర్సిమన్ పండును తలపించే ఎర్రటి గోధుమరంగులోకి మారుతుంది. జపాన్‌లో దాన్ని కాకి గ్లేజు అంటారు. హమదా పేరు చెప్పగానే సేకర్తలకు ముందు గుర్తొచ్చే రంగు అదే.

గ్లేజు మీద సన్నని చీలికల జాలం వస్తే అందంగానే ఉంటుంది గానీ, తినే పాత్రకు అది లోపమే. చల్లారేటప్పుడు మట్టికన్నా గ్లేజు ఎక్కువ ముడుచుకుంటే ఈ పని జరుగుతుంది. పలుగురాయి పొడి 5 పాళ్లు పెంచడం మొదటి మందు. ఇక తిరగబడి, అంచుల దగ్గర గ్లేజు పెచ్చులుగా లేస్తుంటే మాత్రం ఆ పాత్రను పారేయాలి. నోట్లోకి గాజు ముక్కలు వెళ్లే ప్రమాదం ఉంది.

బూడిద గ్లేజులు దీనికన్నా మొండివి. కట్టెల బూడిదలో ప్రధానంగా సున్నం, కొంత పొటాష్, కొంత సిలికా, కొద్దిగా ఫాస్ఫరస్ ఉంటాయి. చెట్టును బట్టి, నేలను బట్టి పాళ్లు మారతాయి. బూడిద, ఫెల్‌స్పార్ చెరి 40 పాళ్లు, బాల్ క్లే 20 అన్నది పరీక్ష మొదలెట్టడానికి పనికొచ్చే లెక్క, అంతకుమించి నమ్మకూడదు. బూడిదను నీళ్లలో కలిపి తేరనిచ్చి పైనీళ్లు రెండు మూడుసార్లు వంచేస్తే కరిగే క్షారాలు పోతాయి. ఆ నీళ్లు చర్మాన్ని తినేస్తాయి, చేతొడుగులు తప్పనిసరి. కడగకుండా వాడితే ఆ క్షారాలు కుండ గోడలోకి ఇంకి, కాల్పులో మట్టినే కరిగించి ఉబ్బిస్తాయి. మరీ ఎక్కువ కడిగితే గ్లేజు కరగడానికి ఇంకాస్త వేడి అడుగుతుంది.

హమదా వాడిన మరో పూత నుకా. అది వరి ఊక బూడిదతో చేసే తెల్లటి, పాలమీగడ లాంటి గ్లేజు. ఇక్కడ తెలుగు నేలకు నిజమైన సంబంధం ఉంది. 100 కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వస్తుంది, అది కాలిస్తే 4 కిలోల దాకా బూడిద. అందులో 85 నుంచి 95 శాతం సిలికాయే. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల దగ్గర గుట్టలుగా పడి ఉండే బూడిద అదే సరుకు. కాకపోతే నల్లగా ఉన్నదాంట్లో కాలని కార్బన్ మిగిలి ఉంటుంది. దాన్ని గిన్నెలో పోసి కుండలకు గ్లేజు పూయకముందు చేసే మొదటి కాల్పుతో పాటు 900 డిగ్రీల్లో మళ్లీ కాల్చి తెల్లబరచాలి. ఊక బూడిద, కట్టెల బూడిద, ఫెల్‌స్పార్ సమాన పాళ్లతో మొదలుపెట్టొచ్చు. ఊక బూడిద పెరిగేకొద్దీ తెలుపు చిక్కబడుతుంది, హద్దు దాటితే కరగక గరుకుగా ఎండిపోతుంది.

నుకాతో అందరికీ ఎదురయ్యే తంటా, గ్లేజు కాల్పులో ముద్దలుగా కూడుకుని మధ్యలో మట్టి బయటపడటం. కారణం ఊక బూడిద తేలిక, బోలు. పూత మందంగా పట్టాలి కాబట్టి ఆరేటప్పుడే పైన బీటలు వారుతుంది. ఆ బీటల అంచులు వేడిలో వెనక్కి ముడుచుకుంటాయి. నూరడం తక్కువైనా ఇదే, అతిగా మెత్తబడినా ఇదే. పూత ఆరాక వేలితో మెల్లగా రుద్ది బీటలు పూడ్చడం, కుండ మీద దుమ్మూ జిడ్డూ లేకుండా తడిగుడ్డతో తుడిచి ఆరాక ముంచడం, ఈ రెండూ సగం నష్టాన్ని ఆపుతాయి.

అసలు పరీక్ష బట్టీలో. ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. గాలి ధారాళంగా ఉంటే ఎర్రటి ఫెర్రిక్ ఆక్సైడ్‌గా, గాలి చాలక పొగమంట నడుస్తుంటే ఫెర్రస్ ఆక్సైడ్‌గా. ఈ రెండోది గ్లేజును కరిగించే గుణమున్నది, సెలడాన్ ఆకుపచ్చ దానిదే. మంటలోని కార్బన్ మోనాక్సైడ్ ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను లాక్కోవాలి. ఇది గ్లేజు కరిగి మూసుకుపోక ముందే జరగాలి కాబట్టి 950, 1000 డిగ్రీల మధ్యలో పొగ గూడు తలుపు కొంత మూసి గాలి తగ్గించడం మొదలెడతారు. ఆలస్యమైతే సెలడాన్ పసుపుపచ్చగా, బిస్కెట్టు రంగులో తేలుతుంది. మరీ ముందు, మరీ గట్టిగా పొగ పెడితే కార్బన్ గోడలో ఇరుక్కుని నల్లటి గుండెలా మిగులుతుంది, పై వేడిలో అదే బుడగలై పొంగుతుంది. బట్టీ గదిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందన్న సంగతి మరచిపోకూడదు. ఈ పని మూసిన షెడ్డులో చేయడం ప్రాణాలతో చెలగాటం.

వేడెక్కించే తీరుకూ లెక్కుంది. మొదటి 200 డిగ్రీల దాకా గంటకు 50 నుంచి 80 డిగ్రీలకు మించకూడదు, లేకపోతే గోడలో మిగిలిన తడి ఆవిరై కుండను పేల్చేస్తుంది. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, దిగేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. చల్లారేటప్పుడు ఆ దశలో తలుపు తెరిచి తొంగిచూస్తే పెద్ద పళ్లేలు ఖంగుమని రెండుగా చీలతాయి. 100 డిగ్రీల లోపు దిగేదాకా ఆగడం ఎంత కష్టమో, ఆగకపోతే నష్టం అంత ఖాయం.

లీచ్, హమదా తొలిగా కట్టుకున్న వాలు బట్టీ సరిగా కుదరలేదు. అది ఆశ్చర్యమేమీ కాదు. గ్లేజు తెలిసినవాడికి బట్టీ కట్టడం తెలియాలని లేదు. వాలు బట్టీలో మొదటి గది కాల్చిన వేడి గోడ అడుగున ఉన్న కంతల్లోంచి రెండో గదికి, అక్కణ్నుంచి మూడోదానికి పోతుంది. మొదటిది పూర్తయ్యాక రెండో గది పక్క కంతలోంచి సన్నకట్టెలు వేస్తారు. చల్లారుతున్న మొదటి గది గుండా వచ్చే గాలి ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి కట్టెలు తక్కువ పడతాయి. కంతలు పెద్దవైతే లాగుడు ఎక్కువై పొగమంట నిలవదు. చిన్నవైతే గది ముందు భాగం 1300 దాటినా వెనక భాగం 1200 దగ్గరే ఆగిపోతుంది. కప్పు ఇటుక నాసిరకమైతే, కట్టెల బూడిదలోని క్షారం దాన్ని కరిగించి కింది కుండల మీద ఆకుపచ్చ గాజు బొట్లు రాలుస్తుంది.

1922లో మత్సుబయాషి త్సురునోసుకే సెంట్ ఐవ్స్‌కు వచ్చాడు. క్యోటో దగ్గరి ఉజిలో తరతరాలుగా అసాహి కుండలు చేసే ఇంటివాడు, ఇంజినీరింగ్ తెలిసినవాడు. పాత బట్టీ తీసేసి మూడు గదుల వాలు బట్టీని కొత్తగా కట్టాడు. అక్కడి శిష్యులకు మట్టి, గ్లేజుల రసాయనం మీద పాఠాలు చెప్పాడు. లీచ్, హమదాల పేర్ల వెనక ఈయన పేరు మరుగున పడింది గానీ, 1970ల దాకా ఆ పనిశాల నిలబడింది ఆయన కట్టిన బట్టీ మీదే. నా దృష్టిలో ఈ కథలో జరగాల్సిన మొదటి సవరణ ఇదే. సెంట్ ఐవ్స్ పనిశాలకు వెళ్లినవాళ్లు ఆ బట్టీని ఇప్పటికీ చూడొచ్చు. కట్టెల చిక్కు మాత్రం మత్సుబయాషి తీర్చగలిగింది కాదు. గాలులు కొట్టే ఆ తీరంలో చెట్లే తక్కువ. పనిశాల తర్వాత్తర్వాత చమురు బర్నర్లకు మారాల్సి వచ్చింది.

1923లో లండన్‌లోని ప్యాటర్సన్స్ గ్యాలరీలో హమదా రెండు ప్రదర్శనలు పెట్టాడు. సెప్టెంబరు 1న కాంతో భూకంపం టోక్యోను నేలమట్టం చేసింది. ఆయన తిరుగు ప్రయాణానికి అదే కారణం. వెళ్తూ ఇంగ్లండ్ నుంచి పట్టుకెళ్లింది గ్లేజు సూత్రాలు కాదు. 1921లో సస్సెక్స్‌లోని డిచ్లింగ్ ఊళ్లో నేతగత్తె ఎథెల్ మైరెట్ ఇంటికి వెళ్లాడు. చదువుకున్న కళాకారులు పల్లెలో ఉండి, చేతిపనితో బతుకుతూ, రోజువారీ గిన్నెల్లోనే అందం చూసుకోవడం అక్కడ కళ్లారా చూశాడు. టోక్యో, క్యోటోలు వదిలి తోచిగి ప్రాంతంలోని మషికోను ఎంచుకోవడానికి ఆ చూపే ఆధారం. 1924లో జపాన్ చేరి, ఒకినావాలో కొంతకాలం పనిచేసి, మషికోలో కుదురుకున్నాడు.

మషికో మట్టి ముతకది, సాగే గుణం తక్కువ. సన్నగా లాగితే కుప్పకూలుతుంది. హమదా పాత్రల గోడలు మందంగా, అడుగులు బరువుగా ఉంటాయని మెచ్చుకునేవాళ్లు దాన్ని సౌందర్య సిద్ధాంతంగా చెబుతారు. సగం కారణం ఆ మట్టే. ఆయన సారె కూడా కర్రతో తిప్పే చేతి సారె. వేగం తగ్గుతూ పోయేది కాబట్టి, చివరి లాగులో అంచు కచ్చితమైన వృత్తంగా కాక కాస్త మెత్తగా నిలుస్తుంది. కాకి గ్లేజు కోసం ఆక్సైడ్ పొట్లాలు కొనలేదు. దగ్గర్లో దొరికే ఇనుప రాతిని నూరి, దాదాపు అదొక్కటే పూసేవాడు. ప్రయోగశాలలో వేల నమూనాలు చూసినవాడు చివరికి అరడజను గ్లేజుల దగ్గర ఆగాడంటే, అది రసాయనం మీద విముఖత కాదు. రాతిలో మలినాలు ఏ పని చేస్తాయో ముందే తెలిసినవాడికే దాన్ని మలినంగానే వాడే ధైర్యం ఉంటుంది.

మరో పెద్ద విదేశీ ప్రయాణం 1952లో. ఇంగ్లండ్‌లోని డార్టింగ్టన్ హాల్‌లో కుండల, నేతపనుల సదస్సు అయ్యాక లీచ్‌తోనూ, జపాన్‌లో జానపద చేతిపనుల ఉద్యమం నడిపిన యనగి సోయెత్సుతోనూ కలిసి అమెరికా వెళ్లాడు. మోంటానాలోని హెలెనాలో, ఆర్చీ బ్రే ఫౌండేషన్‌లో, అక్కడి మట్టితోనే పనిచేసి చూపించాడు. చూస్తున్నవాళ్లలో అమెరికన్ కుమ్మరులు పీటర్ వౌల్కోస్, రూడీ ఆటియో ఉన్నారు. వౌల్కోస్ తర్వాత హమదా దారిలో నడవలేదు, కుండను కోసి చీల్చి శిల్పం చేశాడు.

మన దేశానికి ఈ దారి ఇంకా ముందే పడింది. ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపకుడు సర్దార్ గురుచరణ్ సింగ్ యువకుడిగా జపాన్‌లో చదువుకుంటూ ఈ బృందంతో పరిచయం పెంచుకున్నాడు. 1971లో పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టిన ఇద్దరిలో డెబొరా స్మిత్ జపాన్‌లో పని నేర్చుకున్నవారు. దక్షిణాదిలో ఈనాడు చేతితో స్టోన్‌వేర్ చేసేవాళ్లలో చాలామంది అక్కడ శిక్షణ పొందినవాళ్లే.

హమదా 1955లో జపాన్ ప్రభుత్వం నుంచి జీవించి ఉన్న జాతీయ సంపద అన్న గుర్తింపు, 1968లో సంస్కృతి పురస్కారం అందుకుని, 1978 జనవరిలో కన్నుమూశాడు. ఆయన పాత్ర కొనాలనుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన తేడా తెలిసుండాలి. సెంట్ ఐవ్స్ కాలం పాత్రల అడుగున ఆయన ముద్ర ఉంటుంది. జపాన్ వెళ్లాక పాత్రల మీద సంతకం మానేశాడు. పాత్రను పెట్టి ఇచ్చే చెక్కపెట్టె మూత మీద మాత్రం రాసిచ్చేవాడు. అందుకే వేలంలో పెట్టెతో వచ్చిన పాత్రకూ పెట్టె పోయిన పాత్రకూ ధరలో అంత దూరం. వేరే పాత్రను అసలు పెట్టెలో పెట్టి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి, మూత మీది రాత లోపలి పాత్ర గ్లేజుకూ ఆకారానికీ సరిపోతోందా, పెట్టె లోపలి కొలత పాత్రకు ఒదుగుతోందా అని చూశాకే డబ్బు మాట ఎత్తాలి.